ఆఖరి ఇంటి చేను

మొన్న ఆఫీసులో టిఫిను తింటూ మీటింగు పెట్టుకున్నాం. కిటికీ బయట బాదం చెట్టు మీద చిలకల గుంపు వచ్చి వాలింది. అవి ఒక్కసారిగా అరవగానే, నన్నడక్కుండానే నా చెయ్యి ముందున్న స్టీలు ప్లేటు అందుకుంది. అందులోని ఇడ్లీ ముక్క పక్కవాడి ఒళ్ళో పడింది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చెంచాతో ఆ ప్లేటును ఠంగు ఠంగుమని వాయించేశాను. చిలకలు ఎగిరిపోయాయి. గదిలో మాటలు కూడా ఎగిరిపోయాయి. విశాఖపట్నంలో రక్తపరీక్ష పరికరాలు తయారుచేసే చోట, పదిమంది ఇంజనీర్ల మధ్య, టీమును నడిపే మనిషి చేయాల్సిన పని కాదది. "ఏమైంది మేడమ్?" అని ఇడ్లీ పడ్డవాడే భయంభయంగా అడిగాడు. "ఏం లేదు, ఒకప్పుడు సామ చేనుకు కాపలా కాశాను" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ తరువాత వాళ్ళు పరికరం విడుదల తేదీ గురించి ఏం మాట్లాడారో నాకు సగమే వినపడింది. మిగతా సగం చెవినిండా అప్పలకొండ మేడమ్ ఉన్నారు.

డాక్టర్ అప్పలకొండ నా మొదటి పై అధికారి. విశాఖపట్నం మన్యంలో, డుంబ్రిగుడకు కాస్త ఎగువన, కాఫీ తోటల పక్కన, మూడు గదుల రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దాన్ని పరిశోధన కేంద్రం అనేవాళ్ళు. మొదటి గదిలో సికిల్ సెల్ జబ్బుకు రక్తపరీక్షలు చేసేవారు. రెండో గదిలో విత్తనాలు, ఆకు తెగుళ్ళ మీద పని. మూడోది మా వర్క్‌షాపు. మూడింటికీ ఆవిడే పెద్ద. పార్వతీపురం దగ్గరి రైతుల ఇంట పుట్టి, ధాన్యాల ఇంజనీరింగులో డాక్టరేటు చేసిన మనిషి. ఊళ్ళవాళ్ళకు ఆ సంగతి తెలియదు. గుమ్మం మీద డాక్టరని రాసి ఉంది కాబట్టి జ్వరం వస్తే తిన్నగా ఆవిడ ముందుకొచ్చి కూర్చుని నాలుక చాపేవారు. ఆవిడ ఆ నాలుకను శ్రద్ధగా చూసి, "నాను గింజలకి డాట్రమ్మని. మనుసుల డాట్రు పక్క గదిలో ఉన్నాడు, ఎల్లు" అని తోడుండి దిగబెట్టేవారు. పెద్ద పెద్ద సభల్లో కూడా ఆవిడ ఆ యాస మార్చలేదు. వినేవాళ్ళు మొదట ముసిముసిగా నవ్వుకుని, కాసేపటికి నవ్వడం మానేసి రాసుకోవడం మొదలుపెట్టేవారు.

నేను ఎంటెక్ పట్టా, కొత్త లాప్‌టాపు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. సామల పొట్టు తీసే చిన్న యంత్రం ఒకటి తయారుచేయడం నా ఉద్యోగం. సామ గింజ ఆవగింజ కన్నా కొంచెం పెద్దది, అంతే. కానీ దాని పొట్టు మహా మొండిది. కొండ మీది ఆడవాళ్ళు పొద్దున్నే లేచి రోకలితో దంచి, చేటతో చెరిగి, మళ్ళీ దంచితే గాని పిల్లలకు ఆ పూట అన్నం ఉండదు. మిల్లులో ఆడిద్దామంటే కొండ దిగాలి. నేను చేరిన రోజే లాప్‌టాపు తెరిచి బొమ్మలు గీయబోతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటి సేత్తన్నావు, గుంటా?" అన్నారు. ఆడపిల్లను వాళ్ళ వైపు గుంట అంటారు. "డిజైను మేడమ్" అన్నాను. ఆవిడ లాప్‌టాపు మూసి నా చేతికి రోకలి ఇచ్చారు. "ముందిది సెయ్యి. నీ సేతులు కాయలు కాసినాక బొమ్మ దానంతటదే వొత్తాది." ఆ వారమంతా దంచాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంట్లో అమ్మకు ఫోన్ చేసి, ఇంజనీరు ఉద్యోగమని చెప్పి వంటమనిషిని చేశారని ఏడ్చాను కూడా. ఆవిడ అటుగా పోతూ అది విన్నారు. మరునాడు కొబ్బరినూనె సీసా నా బల్ల మీద ఉంది, దాంతోపాటు ఇంకో చాటెడు సామలు కూడా ఉన్నాయి.

ఏడాది తిరిగేసరికి యంత్రం తయారైంది. నిలబడి చేత్తో తిప్పే పిడి, లోపల రెండు రబ్బరు పళ్ళేలు, కింద పొట్టు ఎగరగొట్టే చిన్న ఫ్యాను. కేంద్రానికి ఎగువనున్న పల్లెకు దాన్ని మోయించాం. ఆ ఊరిని మేమంతా పై పల్లె అనేవాళ్ళం. అక్కడి సామూహిక భవనం అరుగు మీద దాన్ని బిగించాం. ఇక మా కేంద్రానికి డబ్బిచ్చే కమిటీవాళ్ళు వచ్చి చూడడమే తరువాయి. వాళ్ళు సరేనంటే కొండల్లో మరిన్ని ఊళ్ళకు యంత్రాలు, మా కేంద్రానికి మరికొన్నేళ్ళ ఊపిరి. కాదంటే మూడు గదులకూ తాళం, పక్క గదిలో రక్తపరీక్షలతో సహా. ఆ సంగతి మా అందరికీ తెలుసు. కమిటీకి తేదీ ఇచ్చింది మేడమే. చేలన్నీ పసుపు తిరిగాయి, ఫలానా వారానికి కొత్త సామలు చేతికొస్తాయి, అప్పుడు రమ్మనండి అన్నారు. కొండల సంగతి ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలియదని మా నమ్మకం. ఆవిడ నమ్మకం కూడా అదే.

కమిటీ రావడానికి రెండు రోజుల ముందు సామల కోసం పైకి వెళ్ళాం. పండుగల రోజులు నిర్ణయించే పెద్ద మనిషిని అక్కడ దిశారి అంటారు. ఆ ఊరి దిశారి పేరు గాసి. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ నవ్వుమొహం. మేడమ్ అడగగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. "కొత్త అవనేదు కదా మేడమ్" అన్నాడు. కొత్త అంటే కొత్త పంట పండుగ. పండిన గింజను ఊరి దేవతకు పెట్టి, ఊరంతా ఒకే రోజు మొదటి ముద్ద తినాలి. అప్పటిదాకా ఎవరూ ఆ పంటను దంచరు, వండరు, నోట్లో వేసుకోరు. ఇదంతా మేడమ్‌కు తెలుసు. "సేలన్నీ కోసీసినారు గదా గాసన్నా, మరి ఏటి అడ్డం?" అన్నారు. ఆయన చేత్తో కొండ వాలు మీదికి చూపించాడు. అంతటా కోసిన మోళ్ళ మధ్య ఒక్క మడి మాత్రం ఆకుపచ్చగా ఉంది. "సొనాయి సేను. తొలకరికి విత్తులు కొట్టుకుపోతే మళ్ళీ జల్లుకున్నాది. అది పండాల. ఆవిడ తినకుండా మేమెలాగ తింతాం?" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. ఆవిడ ఒక్కతే కదా, ఆవిడకు పండుగ రోజుకు సరిపడా సామలు మనమే ఇచ్చేద్దాం అన్నాను. గాసి నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. "ఆవిడకి సేను నేదేటమ్మా, మీరిచ్చేది?" అన్నాడు. కొండ దిగుతూ దారిలో నేను ఇంకో ఉపాయం చెప్పాను. కింది పల్లెలో పండుగ అయిపోయింది, యంత్రాన్ని కిందికి దించి అక్కడి సామలు ఆడించి కమిటీకి చూపిద్దాం అని. మేడమ్ ఆగిపోయారు. అప్పటికే ఆవిడకు తన మీద తనకు నవ్వొస్తున్నట్టుంది. "ఇన్నేళ్ళు కొండలంట తిరిగినాను. సేలు సూసినాను గానీ సేను ఎవరిదో అడగనేదు. తప్పు నాది, యంత్రానిది కాదు. దాన్ని కదపొద్దు. ఆళ్ళ కళ్ళముందర తిరగని యంత్రం ఆళ్ళదెలాగవుతాది?" అన్నారు. నా మూతి ముడుచుకుపోయింది. ఆవిడ మాత్రం దారంతా ఏదో కూనిరాగం తీస్తూ నడిచారు.

కమిటీ చెప్పిన రోజుకే వచ్చింది. అధ్యక్షులవారు తళతళలాడే బూట్లతో, గంభీరమైన మొహంతో జీపు దిగారు. పై పల్లె బురద ఆ బూట్లను ఎక్కువసేపు అలా ఉండనివ్వలేదు. మేడమ్ దాపరికం లేకుండా జరిగింది చెప్పారు. కమిటీలో ఒకాయనకు సహనం తక్కువ. పాత సామలతోనైనా తిప్పి చూపించమన్నాడు. వద్దని చెప్పినా వినలేదు. అటక మీద పొయ్యి పొగకు ఏడాదిగా ఎండిన నిరుటి గింజలు పోసి తిప్పాం. గింజ పెళుసెక్కి ముక్కలు ముక్కలైపోయింది. అధ్యక్షులవారు చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాసి, "ఇది రవ్వ కదమ్మా" అన్నారు. మేడమ్ తడుముకోకుండా, "రవ్వే బాబూ. ఉప్మాకి బాగుంటాది" అన్నారు. నేను భూమిలోకి కుంగిపోదామనుకున్నాను. ఆయన నవ్వలేదు. దసరా సెలవులు అయ్యేలోపు ఫలితం చూపించకపోతే కేంద్రం ఫైలు మూసేస్తామని చెప్పి జీపెక్కారు. ఆ సాయంత్రం కేంద్రంలో ఎవరూ సరిగా తినలేదు. మేడమ్ ఒక్కరే మిగిలిన నూకతో నిజంగానే ఉప్మా చేయించి, అందరి కంచాల్లోనూ వడ్డించారు. బాగానే ఉంది, ఒప్పుకోవాలి.

మరునాడు పొద్దున ఆవిడ స్టీలు కంచం, గరిటె పట్టుకుని బయల్దేరారు. ఎక్కడికన్నాను. "ఊళ్ళో సేలన్నీ కోసీసినారు. కొండల్లో ఉన్న సిలకలన్నీ ఇప్పుడు ఆ వొక్క సేను మీదే పడతాయి. అది పోతే పండగ నేదు, పండగ నేకపోతే మనం నేం. బేగి రా" అన్నారు. అలా నేనూ, మేడమూ, రక్తపరీక్షల గదిలోని టెక్నీషియనూ వంతులవారీగా సొనాయి చేనుకు కాపలాదారులమయ్యాం. సొనాయి ముసలమ్మ మంచె కింద కాళ్ళు చాపుకుని కూర్చుని మమ్మల్ని వినోదం చూసినట్టు చూసేది. తన కోసం ఊరు ఆగిందన్న బిడియం ఆవిడలో లవలేశం లేదు. "నా సేను కోసం పట్నం జీపు కూడా ఆగిపోనాదంట కదా" అని నన్నడిగి తృప్తిగా చుట్ట వెలిగించుకుంది. ఆగిపోయింది జీపు కాదు, మా ఉద్యోగాలు అని చెప్పాలనిపించి ఊరుకున్నాను.

మేడమ్ కాపలాను కూడా ప్రయోగంగా మార్చేశారు. ఒకే తీరుగా వాయిస్తే చిలకలు అలవాటు పడిపోతున్నాయని కనిపెట్టి, ఒకసారి కంచం, ఒకసారి డబ్బా, ఒకసారి నా చున్నీ ఊపడం, ఇలా మార్చి మార్చి చూశారు. ఏది చేసినా చిలకలు కాసేపు లేచి మళ్ళీ వాలేవి. సొనాయి మాత్రం కూర్చున్నచోటు నుంచే వాళ్ళ భాషలో ఏదో తిట్టు తిట్టగానే గుంపు గుంపంతా గెడ్డ దాటి, అంటే కింది వాగు దాటి, పోయేది. మేడమ్ మంచె దిగి వచ్చి, "అప్పా, ఆ మాట నాకూ నేర్పు" అని అక్కను అడిగినట్టు అడిగారు. సొనాయి పకపక నవ్వి నేర్పింది. ఆ తరువాత మూడు రోజులు కొండంతా మారుమోగేలా మా కేంద్రం అధిపతి చిలకలను ఏమని తిట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. అటుగా కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళు మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తేవారు. చిలకలు ఆవిడ మాట వినలేదు. సొనాయి గొంతంటేనే వాటికి భయం.

ఆ కాపలాలోనే ఒకరోజు మేడమ్ ఒక సంగతి గమనించారు. సొనాయికి కంచం ఇచ్చి వాయించమంటే, ఆవిడ దాన్ని మోకాలికి ఆనించి ఎడంచేత్తో వాయించింది. కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవడం లేదు. ఎప్పుడో చింతచెట్టు మీంచి పడిందట. "మరి రోకలెలాగ ఎత్తుతావే అప్పా?" అని మేడమ్ అడిగారు. "ఎత్తను. పక్కింటి పిల్లలెవరైనా దంచి పెడితే అన్నం. నేకపోతే అంబలి" అంది సొనాయి, అదేమంత విషయం కాదన్నట్టు. "మా యంత్రం కాడికి వొక్కసారీ రానేదేం?" అన్నారు మేడమ్. "ఆ పిడి నా నెత్తి మీద కదా ఉన్నాది" అని ఆవిడ మళ్ళీ చిలకల వైపు తిరిగిపోయింది. యంత్రం తయారవుతున్న ఏడాదిలో దాన్ని పరీక్షించడానికి కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ళంతా వయసులో ఉన్నవాళ్ళు, చేతులు గట్టివాళ్ళు. బాగుంది, తేలిగ్గా తిరుగుతోంది అని వాళ్ళు చెబితే మేం పొంగిపోయాం. దంచలేని మనిషి పరీక్షకు రాలేదు. రాలేదన్న సంగతి మాకు తట్టనూ లేదు. మంచె దిగుతూ మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు. "గుంటా, మన యంత్రం కూడా ఇంకా పచ్చిగానే ఉన్నాది" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఉన్న గడువే తక్కువ, ఇప్పుడు యంత్రాన్ని విప్పితే మళ్ళీ బిగించగలమో లేదో అని గట్టిగానే వాదించాను. కేంద్రం మూతపడితే సొనాయికి కూడా ఏ యంత్రమూ ఉండదు కదా అన్నాను. ఆవిడ నా మాట కొట్టిపారేయలేదు. "నిజమే. అందుకే బేగి సేద్దాం" అన్నారు. శుక్రవారం సంతలో బట్టలు కుట్టే ఒకాయన దగ్గర పాత కుట్టుమిషను చట్రం కొన్నాం. మాకు కావలసింది దాని తొక్కుడు పళ్ళెం. చేతిపిడి తీసేసి, యంత్రాన్ని మోకాలెత్తుకు దించి, కాళ్ళతో తొక్కేలా మార్చాం. పగలు చిలకలు, సాయంత్రాలు గేర్లు. రబ్బరు పళ్ళేలు ఒకదాన్నొకటి ఒరుసుకుని మొదటి రోజు పిల్లిలా అరిచాయి, రెండో రోజు బెల్టు తెగింది. నేను విసుక్కుంటుంటే మేడమ్ నేల మీద బాసింపట్టు వేసుకుని నట్లు బిగిస్తూ, సొనాయి నేర్పిన తిట్టును ఆ బెల్టు మీద ప్రయోగించారు. నవ్వలేక చచ్చాను. ఆ నవ్వుతోనే నా కోపం కూడా పోయింది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా సొనాయి చేను పండింది. ఊరంతా కొడవళ్ళతో దిగి ఒక్క పూటలో కోసేశారు. దిశారి గాసి మరునాడే కొత్త అని చెప్పాడు. మేడమ్ అధ్యక్షులవారికి ఫోన్ చేసి, "పరీక్షకి కాదు బాబూ, బోజనానికి రండి" అన్నారు. వస్తారని నేననుకోలేదు. ఆయన వచ్చారు, ఈసారి రబ్బరు చెప్పులతో. దేవతకు గింజ పెట్టాక, అప్పుడే రోకళ్ళతో దంచి వండిన వేడి వేడి సామ అన్నం, చిక్కుడుకాయ కూర అడ్డాకుల్లో వడ్డించారు. మొదటి ముద్ద అందరూ ఒకేసారి నోట పెట్టారు. డప్పులు మొదలయ్యాయి, ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు పట్టుకుని థింసా అందుకున్నారు. కాసేపటికి గాసి వచ్చి, ఇక మీ మిషను తిప్పుకోండన్నాడు. మేడమ్ సొనాయిని పిలిచి పీట వేసి కూర్చోబెట్టారు. ఆవిడ కాళ్ళు పళ్ళెం మీద పెట్టి నెమ్మదిగా తొక్కింది. పొట్టు ఒకవైపు ఎగిరిపోతుంటే, ఇంకోవైపు తెల్లటి గింజలు, నిండు గింజలు, చాటలో రాలాయి. నాకు కళ్ళు చెమర్చాయి. సొనాయి గుప్పెడు తీసుకుని, ఊది, నాలుగు గింజలు నమిలింది. ఊరంతా ఆవిడ మొహంలోకి చూస్తోంది. "దంచినంత రుచి నేదు" అంది. ఆవిడ ఇంకోసారి నమిలి, "అయితే ఏటి, ఎవరి గుమ్మం కాడా నిలబడక్కర్నేదు" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఇక ఆపమన్నా ఆపలేదు.

అధ్యక్షులవారు కూడా పీట మీద కూర్చుని కాసేపు తొక్కారు. లేచాక చెమట తుడుచుకుంటూ, ఆలస్యానికి కారణం ఏమని రాయమంటారమ్మా అని అడిగారు. "ఆఖరి ఇంటి సేను పండనేదని రాయండి" అన్నారు మేడమ్. ఆయన అలాగే రాశారని, పైవాళ్ళు దాని మీద చాలాసేపు తల గోక్కున్నారని తరువాత విన్నాం. కేంద్రం మూతపడలేదు. ఆ కాలి యంత్రాలు ఇప్పుడు కొండల్లో చాలా ఊళ్ళల్లో ఉన్నాయి. నేను ఎన్నో చోట్ల పనిచేశాను, ఎందరో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. కానీ తప్పు తేదీ ఇచ్చినందుకు సిగ్గుపడడానికి బదులు, ఆ తప్పులోంచి దొరికినదాన్ని అంత ఆనందంగా అందిపుచ్చుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు. ఒక ఊరి ఆచారాన్ని ఆవిడ గౌరవించి ఊరుకోలేదు, దాన్ని తన పనికి కొలతగా తీసుకున్నారు. ఆ కొలత చాలా ఇబ్బంది పెడుతుంది, ఆ సంగతి నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

మొన్నటి మీటింగుకు వస్తాను. రక్తపు చుక్క వేస్తే సికిల్ సెల్ ఉందో లేదో చెప్పే చిన్న పెట్టె మాది. ఉంటే ఎర్ర దీపం, లేకపోతే పచ్చ దీపం. కొండల్లోని ఆరోగ్య కార్యకర్తలందరికీ శిక్షణ ఇచ్చాం, అందరూ బాగుందన్నారు. శిక్షణకు రానివాడు ఒక్కడే, గెడ్డ అవతల చివరి పల్లెవాడు. ఒక్కడి కోసం తేదీ ఆపలేం కదా అని మావాళ్ళు అంటుండగానే చిలకలు వాలాయి. ప్లేటు కింద పెట్టాక, వాడిని చూడకుండా సంతకం పెట్టనని చెప్పాను. మరునాడే వెళ్ళాను. కుర్రాడు మంచివాడు, మర్యాదస్థుడు. పెట్టెను చేతిలోకి తీసుకుని దీపం వెలిగించి చాలాసేపు చూసి, "రెండూ వొక్కలాగే ఉన్నాయి మేడమ్. సెప్తే నవ్వుతారని రానేదు" అన్నాడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్ళు వాడివి. అలాంటి కళ్ళు ఇంకెన్ని పల్లెల్లో ఉన్నాయో, ఎన్ని పరీక్షలు తారుమారయ్యేవో తలుచుకుంటే చెమటలు పట్టాయి. విడుదల ఆపించాను. దీపాలు తీసేసి గుర్తులు పెట్టాలి. పైవాళ్ళు మండిపడుతున్నారు, మా టీము కుర్రాళ్ళు నా మీద అలిగారు. వాళ్ళ మూతులు చూస్తే కొండ దిగుతున్న నా మూతే గుర్తొచ్చింది.

ఆ రాత్రి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పుడు పార్వతీపురంలో ఉంటున్నారు. మోకాళ్ళు నొప్పులు, గొంతు మాత్రం చిలకలను తోలిన గొంతే. మా పరికరం ఎప్పుడొస్తుందా అని నెల రోజులుగా అడుగుతున్నారు. "మేడమ్, తేదీ వాయిదా పడింది" అన్నాను. ఎందుకని అడగలేదు. ఎన్నాళ్ళని అడగలేదు.

"ఎవరి సేనే, గుంటా?" అన్నారు.